తెలుగు రంగస్థలంపై స్త్రీ పాత్రలకు జీవం పోసిన స్థానం నరసింహారావు

తెలుగు నాటకరంగ చరిత్రలో స్త్రీ పాత్రాభినయం అనగానే స్ఫురించే పేరు స్థానం నరసింహారావు. నటుడిగా, గాయకుడిగా ఆయన నాలుగు దశాబ్దాలకు పైగా రంగస్థలానికి సేవలందించారు. చంద్రమతి, సత్యభామ, చిత్రాంగి, రోషనార, దేవదేవి, మధురవాణి వంటి పరస్పర భిన్నమైన పాత్రలను ధరించి, ఒక పాత్ర ఛాయ మరొక పాత్రపై పడకుండా పోషించడం ఆయన ప్రత్యేకత.

తొలి అడుగులు

నరసింహారావు 1902 సెప్టెంబర్ 23న నాటి గుంటూరు జిల్లా బాపట్లలో జన్మించారు. ఆయన రంగప్రవేశం అనుకోకుండా జరిగింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటక ప్రదర్శనకు చంద్రమతి పాత్రధారి రాకపోవడంతో, ఆ లోటు తీర్చడానికి ఆయన తొలిసారిగా ముఖానికి రంగు వేసుకున్నారు. అనతికాలంలోనే తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరి, మాధవపెద్ది వెంకట్రామయ్య వంటి ప్రసిద్ధ నటుల సరసన ప్రధాన స్త్రీ పాత్రధారిగా స్థిరపడ్డారు.

కుటుంబ స్త్రీలు రంగస్థలంపైకి రావడానికి సంఘం సమ్మతించని కాలమది. నాటక సమాజాల్లో స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. ధ్వనివర్ధకాలు లేని ఆ రోజుల్లో చిట్టచివరి వరుసలోని ప్రేక్షకుడికి సైతం వినిపించేలా పద్యం పాడగలగడం నటుడికి ప్రాథమిక అర్హత. పురుష కంఠంతో అంత దూరం వినిపిస్తూనే స్త్రీ స్వభావాన్ని నిలుపుకోవడం ఈ పాత్రధారులకు అదనపు పరీక్ష.

పాత్ర వైవిధ్యం

ముత్తరాజు సుబ్బారావు రచించిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ పాత్ర ఆయనకు అపారమైన కీర్తిని తెచ్చిపెట్టింది. భర్త తనవాడేనన్న అతిశయంతో మొదలై, తులాభార ఘట్టంలో ఆ గర్వం అణగి, రుక్మిణి భక్తి ముందు తలవంచే వరకు సాగే పాత్ర అది. ‘సారంగధర’లో చిత్రాంగి ఇందుకు పూర్తిగా భిన్నం. మోహం తిరస్కారానికి గురై పగగా మారే క్రమాన్ని అందులో చూపవలసి ఉంటుంది. విప్రనారాయణ కథలోని దేవదేవి పంతంతో వచ్చి భక్తురాలిగా మారిన వేశ్య. కొప్పరపు సుబ్బారావు నాటకంలోని రోషనార మొగలు రాకుమార్తె. ఆ పాత్రకు నడక, ఉడుపులు, పలుకుబడి అన్నీ వేరు.

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లోని మధురవాణి పాత్ర మరింత కఠినమైన పరీక్ష. ఇది పద్య నాటకం కాదు. విజయనగరం ప్రాంతపు వాడుక భాషలో సాగే వచన నాటకం. రాగాలాపనకు చోటులేని ఈ నాటకంలో మాట విరుపు, చూపు, చమత్కారం తప్ప నటుడికి వేరే ఆధారం ఉండదు. పద్య నాటకాలతో పేరు గడించిన గాయక నటుడు మధురవాణిగానూ మెప్పించడం ఆయన బహుముఖ ప్రజ్ఞకు నిదర్శనం.

గానం, అభినయం

నాటి ప్రేక్షకులు పద్యాలకు ‘వన్స్ మోర్’ కొట్టడం పరిపాటి. రాగాన్ని సాగదీసి కథను నిలిపివేయడం కూడా సాధారణమే. నరసింహారావు పాటను పాత్ర మనఃస్థితికి అనుగుణంగా వాడుకున్న నటుడిగా గుర్తింపు పొందారు. తులాభారంలో సత్యభామ పాడే ప్రసిద్ధ గీతాన్ని ఆయనే రచించారని ప్రతీతి. 1966లో విడుదలైన ‘శ్రీకృష్ణ తులాభారం’ చలనచిత్రంలో ఆ గీతాన్ని పి.సుశీల ఆలపించగా జమున అభినయించారు. రంగస్థలం ఎరుగని తరానికి కూడా ఆ పాట ఆ విధంగా చేరింది.

స్త్రీ పాత్రలపై చర్చ

స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని బళ్లారి రాఘవ (1880-1946) గట్టిగా వాదించి, విద్యావతులైన మహిళలను రంగస్థలానికి ఆహ్వానించారు. ఆ వాదన బలపడుతున్న కాలంలోనే నరసింహారావు కీర్తి శిఖరాలకు చేరింది. కాలక్రమంలో రాఘవ ఆశించినట్లే మహిళలు రంగస్థలంపైకి వచ్చారు. పురుషులు స్త్రీ పాత్రలు ధరించే సంప్రదాయం క్రమంగా తగ్గిపోయింది. అయితే స్త్రీ పాత్రను అవహేళనకు తావులేకుండా, గౌరవంతో ప్రదర్శించవచ్చునని నిరూపించిన ఘనత నరసింహారావుది. ఆయన వేషధారణను కాక, పాత్రను అధ్యయనం చేసే పద్ధతిని తరువాతి నటీనటులు స్వీకరించదగినది.

ఆకాశవాణి, గ్రంథ రచన

‘రాధాకృష్ణ’ (1939) వంటి చలనచిత్రాల్లో నటించినప్పటికీ ఆయన ప్రధానంగా రంగస్థల నటుడిగానే కొనసాగారు. తరువాతి కాలంలో హైదరాబాద్ ఆకాశవాణి కేంద్రంలో నాటక ప్రయోక్తగా పనిచేశారు. వేషం, ఆభరణం, నడక సాయం లేకుండా కేవలం కంఠంతో పాత్రను సృష్టించవలసిన మాధ్యమం అది. తన నటనానుభవాలను ‘నటస్థానం’ అనే గ్రంథంలో పొందుపరిచారు. రంగస్థలంపై ప్రదర్శన ముగియగానే నటుడి కళ కనుమరుగవుతుంది. అందువల్ల నాటి నటనా విధానాన్ని పరిశీలించే వారికి ఒక నటుడే స్వయంగా రాసిన ఈ పుస్తకం విలువైన ఆధారం.

గుర్తింపు

భారత ప్రభుత్వం 1956లో ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 1961లో నటనకు గాను కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. 1971 ఫిబ్రవరి 21న ఆయన పరమపదించారు. ఒక రాత్రి రాని నటుడి బదులు ధరించిన వేషంతో ఆరంభమైన ఆ ప్రస్థానం, తెలుగు పద్య నాటక వైభవానికి చెరగని గుర్తుగా నిలిచింది.