చెరకు తోట నుంచి అద్దె విల్లా దాకా: బార్బడోస్‌లో ఆతిథ్యం, శ్రమ, రుతువు

పాఠ్యాంశ లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• బార్బడోస్ దీవిలో చెరకు తోటల వ్యవస్థకూ, నేటి విలాస విల్లాల వ్యాపారానికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• అక్కడ శరదృతువు 'చౌక కాలం' ఎలా అయిందో, ఆ చౌకదనం భారం ఎవరి మీద పడుతుందో చెప్పగలుగుతారు.
• ఒక ధరల పట్టికను చారిత్రక ఆధారంగా చదవడం నేర్చుకుంటారు.

1. విషయ పరిచయం

కరీబియన్ దీవుల్లో పనివారితో సహా ఒక పెద్ద ఇంటిని వారానికో నెలకో అద్దెకు తీసుకునే పద్ధతి ఉంది. అలాంటి ఇంటిని విల్లా అంటారు. అతిథి తాళంచెవి అందుకునే సరికే ఇంట్లో వంటమనిషి, బట్లర్, గదులు సర్దే పనిమనిషి, తోటమాలి, రాత్రి కాపలాదారు సిద్ధంగా ఉంటారు. వారి జీతం సాధారణంగా అద్దెలోనే కలిసి ఉంటుంది.

ఈ విల్లాల ధరల పట్టికలో స్థూలంగా రెండు ధరలు కనిపిస్తాయి. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా హెచ్చు ధర, మిగిలిన కాలమంతా తగ్గింపు ధర. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అతిథుల రాక బాగా తగ్గిపోతుంది. అప్పుడు అదే ఇల్లు, అదే పనివారు, అదే సముద్రతీరం చాలా తక్కువకు దొరుకుతాయి. అద్దెకు తీసుకునేవారికి అది మంచి బేరం. చరిత్ర విద్యార్థి మాత్రం అక్కడ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ ఇల్లు నిలిచిన నేల ఒకప్పుడు ఎవరిది? ఆ ఇంట్లో పనిచేసేవారి పూర్వికులు ఆ దీవికి ఎలా వచ్చారు? శరదృతువులో అద్దె తగ్గితే ఆ నష్టాన్ని ఎవరు మోస్తున్నారు? ఈ ప్రశ్నలకు బార్బడోస్ దీవి చరిత్రలో జవాబులు వెతుకుదాం.

2. చెరకు తోట, దొర బంగళా

బార్బడోస్ విస్తీర్ణం సుమారు 431 చదరపు కిలోమీటర్లు. 1627లో ఆంగ్లేయులు ఇక్కడ స్థిరపడ్డారు. మొదట పొగాకు, పత్తి పండించారు. బ్రిటన్ నుంచి ఒప్పందం మీద వచ్చిన పేద తెల్లవారే తొలి కూలీలు. 1640ల్లో చెరకు సాగు మొదలుకావడంతో పరిస్థితి పూర్తిగా మారిపోయింది. చెరకు నాటడానికి, నరకడానికి, గానుగ ఆడడానికి, బెల్లపు పాకం కాచడానికి పెద్ద ఎత్తున కూలీలు కావలసివచ్చారు. ఆఫ్రికా నుంచి మనుషులను బంధించి తెచ్చి అమ్మే వ్యాపారం ఆ అవసరాన్ని తీర్చింది. 1661లో దీవి శాసనసభ ఒక బానిస చట్టాన్ని చేసింది. మనిషిని ఆస్తిగా పరిగణించిన ఆ చట్టాన్ని జమైకా వంటి ఇతర ఆంగ్ల వలసలు నమూనాగా తీసుకున్నాయి.

తోట మధ్యలో యజమాని నివసించే బంగళా ఉండేది. పొలంలో పనిచేసే బానిసలు కొందరైతే, బంగళాలో వండి వడ్డించి, బట్టలుతికి, పిల్లలను పెంచే బానిసలు మరికొందరు. బంగళా పని పొలం పని కన్నా తేలిక అనే అభిప్రాయం పాత పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇది పూర్తి నిజం కాదు. బంగళాలో పనిచేసేవారు రాత్రింబవళ్లు యజమాని కంటి ముందే ఉండాలి. వేళాపాళా లేదు. స్త్రీలకు యజమానుల నుంచి, వారి అతిథుల నుంచి రక్షణ లేదు. 'పిలిస్తే పలికే పనివారు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి' అన్న భావన ఈ దీవిలో వేళ్లూనుకున్నది ఈ కాలంలోనే.

3. 1751లో ఒక అద్దె ఇల్లు

బయటివారు బార్బడోస్‌లో ఇల్లు అద్దెకు తీసుకోవడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1751 నవంబరు మొదట్లో వర్జీనియా నుంచి 19 సంవత్సరాల యువకుడు ఒకడు ఇక్కడికి వచ్చాడు. క్షయతో బాధపడుతున్న అన్న లారెన్స్‌కు ఇక్కడి గాలి మేలు చేస్తుందన్న ఆశతో అన్నదమ్ములిద్దరూ ప్రయాణమయ్యారు. ఆ యువకుడే తరవాత అమెరికా మొదటి అధ్యక్షుడైన జార్జ్ వాషింగ్టన్.

వారు బ్రిడ్జ్‌టౌన్ దగ్గర ఒక కెప్టెన్ ఇంటిని నెలకు 15 పౌండ్లకు అద్దెకు తీసుకున్నారు. మద్యం ఖర్చు, బట్టలు ఉతికించే ఖర్చు వేరు. ఈ లెక్క వాషింగ్టన్ దినచర్య పుస్తకంలోనే ఉంది. ఆ నెలలోనే అతనికి మశూచి సోకింది, డిసెంబరులో తగ్గింది. డిసెంబరులో తిరిగి వెళ్లిపోయాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అది ఉన్న గ్యారిసన్ ప్రాంతాన్ని, బ్రిడ్జ్‌టౌన్ పాత నగరాన్ని కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఈ ఆధారం చెప్పేదాన్నీ, చెప్పనిదాన్నీ రెండింటినీ విద్యార్థులు గమనించాలి. అద్దె ఎంతో తెలుస్తుంది, అద్దెలో ఏది కలిసి ఉందో ఏది లేదో తెలుస్తుంది. కాని ఆనాటి బ్రిడ్జ్‌టౌన్ సంపన్నుల ఇళ్లలో వంట చేసినవారు, నీళ్లు మోసినవారు, బట్టలు ఉతికినవారు ప్రధానంగా బానిసలు. అతిథుల రాతల్లో వారి శ్రమ ఖర్చుగా కనిపిస్తుంది. వారి పేర్లు దొరకడం అరుదు.

4. దీవిలో రెండు కాలాలు

'శరదృతువు' అనే మాట ఇక్కడికి వచ్చే అతిథుల పంచాంగంలోది. ఇంగ్లండు, కెనడా, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఆకులు రాలే నెలల్లో బార్బడోస్‌లో వర్షాకాలం ఉంటుంది. దీవి ప్రజల అనుభవంలో సంవత్సరం చాలాకాలం రెండుగానే చీలి ఉంది.

మొదటిది కోత కాలం. జనవరి, ఫిబ్రవరి నెలల నుంచి మే, జూన్ దాకా చెరకు కొట్టేవారు. గానుగలు ఆగకుండా తిరిగేవి. కూలికి లోటు ఉండేది కాదు. కోత ముగిసినప్పుడు చేసుకునే 'క్రాప్ ఓవర్' పండుగ బానిసత్వ కాలం నాటిది. 20వ శతాబ్దం మధ్యకు అది దాదాపు ఆగిపోయింది. 1974లో పర్యాటకులను ఆకర్షించే ఉద్దేశంతో దాన్ని మళ్లీ మొదలుపెట్టారు.

రెండోది కోత లేని కాలం, అంటే జూలై నుంచి డిసెంబరు దాకా. కూలీల భాషలో ఇది 'కష్టకాలం'. పని తగ్గుతుంది, కూలి తగ్గుతుంది, దాచుకున్న గింజలు అయిపోతాయి. హరికేన్ తుపానులు వచ్చేది కూడా అప్పుడే. ఈ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అని లెక్కిస్తారు. ఉద్ధృతి ఎక్కువగా ఉండేది ఆగస్టు నుంచి అక్టోబరు వరకు. 1780 అక్టోబరులో వచ్చిన మహా తుపాను బార్బడోస్‌లోనే 4,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. 1831 ఆగస్టులో, 1898 సెప్టెంబరులో వచ్చిన తుపానులూ తీవ్ర నష్టం కలిగించాయి. 1955 సెప్టెంబరు 22న జానెట్ తుపాను తాకింది. ఆ తరవాత 2021 జూలైలో ఎల్సా వచ్చేవరకు మరో హరికేన్ నేరుగా ఈ దీవిని తాకలేదు. బార్బడోస్ మిగిలిన దీవుల వరుసకు తూర్పుగా విడిగా ఉండడం వల్ల చాలా తుపానులు ఉత్తరంగా సాగిపోతాయి. అయినా ఆ భయం అతిథుల సంఖ్యలో, అద్దె ధరల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

5. విముక్తి తరవాత: ఇల్లు కూలీది, నేల దొరది

1834 ఆగస్టు 1న బ్రిటిష్ వలసల్లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది. నిర్బంధ 'అప్రెంటిస్' దశ ముగిసి పూర్తి విముక్తి వచ్చింది 1838లో. బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది. ఆ సొమ్ము బానిసల యజమానులకు దక్కింది. విముక్తులైనవారికి ఏమీ రాలేదు.

బార్బడోస్‌లో సుమారు 83,000 మంది విముక్తులయ్యారు. కాని సాగుభూమి అంతా అప్పటికే తోటల కింద ఉంది. వారు వెళ్లి బతకడానికి ఖాళీ నేల లేదు. 1840లో వచ్చిన యజమాని-సేవకుల చట్టం కింద, తోట స్థలంలో గుడిసె వేసుకున్న కూలీ ఆ తోటలోనే పనిచేయాలి. మానేస్తే స్థలం ఖాళీ చేయాలి. అందువల్ల ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇల్లు రూపొందింది. రాళ్ల దిమ్మల మీద నిలిపిన చిన్న చెక్క ఇల్లు అది. వెళ్లగొడితే పలకలు విప్పి, బండిమీద వేసుకుని మరోచోట నిలబెట్టుకోవచ్చు.

ఇక్కడ తెలుగు విద్యార్థులకు ఒక పోలిక ఉపయోగపడుతుంది. ట్రినిడాడ్, బ్రిటిష్ గయానాలలో ఖాళీ భూమి ఉండడంతో విముక్తులు తోటలు వదిలిపోగలిగారు. వారి స్థానంలో 1838 నుంచి గయానాకు, 1845 నుంచి ట్రినిడాడ్‌కు భారతదేశపు ఒప్పంద కూలీలను తరలించారు. వారిలో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన ఓడల్లో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. బార్బడోస్ తోటల యజమానులకు ఆ అవసరం రాలేదు. నేల లేని మనుషులు వారి గుప్పిట్లోనే ఉన్నారు. తెలుగు కూలీల వలసచరిత్రలో ట్రినిడాడ్, గయానాలు ఉండి బార్బడోస్ లేకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

20వ శతాబ్దం మొదట్లో పనామా కాలువ తవ్వకానికి వేలాదిమంది బార్బడోస్ పురుషులు వెళ్లారు. వారు పంపిన డబ్బుతో కొన్ని కుటుంబాలు మొదటిసారి నేల కొనుక్కున్నాయి. స్త్రీలలో చాలామందికి చెరకు పొలం తరవాత మిగిలిన దారి ఇళ్లలో పని. 1937 జూలైలో క్లెమెంట్ పేన్ అనే కార్మిక నాయకుణ్ణి దేశం నుంచి పంపివేయడంతో బ్రిడ్జ్‌టౌన్‌లో అల్లర్లు చెలరేగాయి. 14 మంది చనిపోయారు. ఆ తరవాత కార్మికులు సంఘటితమయ్యారు. 1941లో బార్బడోస్ వర్కర్స్ యూనియన్ ఏర్పడింది.

6. చెరకు నేల మీద విల్లాలు

రెండో ప్రపంచయుద్ధం తరవాత బ్రిటన్, అమెరికా సంపన్నులు చలికాలం గడపడానికి దీవి పశ్చిమ తీరానికి రాసాగారు. మాజీ బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు రొనాల్డ్ ట్రీ సాండీ లేన్ అనే పాత చెరకు తోట భూమిని కొని, 1961లో అక్కడ హోటలు తెరిచాడు. చుట్టూ ఉన్న స్థలాల్లో విల్లాలు వెలిశాయి. రంగస్థల అలంకరణలో పేరుపొందిన ఆలివర్ మెసెల్ ఈ తీరంలో పలు ఇళ్లకు రూపకల్పన చేశాడు. పగడపు సున్నపురాయి గోడలు, సముద్రం వైపు తెరుచుకునే వరండాలు ఆ శైలి గుర్తులు. యజమానులు ఏడాదిలో కొద్ది వారాలే ఉండేవారు. మిగిలిన రోజుల్లో ఇంటిని పనివారితో సహా అద్దెకు ఇవ్వడం వారికి లాభసాటి అయింది.

1966 నవంబరు 30న బార్బడోస్ స్వతంత్ర దేశమైంది. క్రమంగా చెరకు వెనుకబడి పర్యాటకం ప్రధాన ఆదాయ వనరు అయింది. పని కాలం మాత్రం మారలేదు. చెరకు కోత జనవరి నుంచి, అతిథుల రద్దీ డిసెంబరు మధ్య నుంచి మొదలవుతుంది. చెరకు కూలీకి గింజలు నిండుకున్న నెలలే ఇప్పుడు విల్లాలు ఖాళీగా ఉండే నెలలు.

7. తగ్గిన అద్దె ఎవరి లెక్కలో పడుతుంది?

శరదృతువులో అతిథి చెల్లించేది తగ్గుతుంది. విల్లా యజమాని చేతికి వచ్చేదీ తగ్గుతుంది, కాని ఇంటి విలువ అతనికి మిగిలే ఉంటుంది. నెల జీతం మీద ఏడాది పొడవునా కొనసాగే వంటమనిషికి, తోటమాలికి నష్టం కొంత తక్కువ. అతిథులు ఉన్నప్పుడే పిలిచే రోజుకూలి పనిమనిషికి, వడ్డించే మనిషికి ఆ నెలల్లో పనే ఉండదు. అతిథులు వెళ్లేటప్పుడు ఇచ్చే టిప్పులు ఈ వృత్తిలో ముఖ్యమైన ఆదాయం. అతిథి రాకపోతే టిప్పు లేదు. కాబట్టి తగ్గింపు ధరకైనా శరదృతువులో వచ్చే అతిథి పనివారికి అవసరమే. ఆ అతిథి మీదనే వారి ఇల్లు గడవడం ఈ వ్యవస్థలోని బలహీనత.

పూర్వపు కష్టకాలానికీ నేటికీ ఉన్న తేడాలను కూడా గుర్తించాలి. 1980లో వచ్చిన చట్టం పాత తోటల స్థలాల్లో ఉంటున్నవారికి తమ ఇంటి స్థలాన్ని కొనుక్కునే హక్కు ఇచ్చింది. 1982లో నిరుద్యోగ భృతి పథకం మొదలైంది. 2021 ఏప్రిల్ 1 నుంచి జాతీయ కనీస వేతనం గంటకు 8.50 బార్బడోస్ డాలర్లుగా నిర్ణయమైంది. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుతో సమానం. అంటే అది 4.25 అమెరికా డాలర్లు. అదే ఏడాది నవంబరు 30న దేశం గణతంత్రమైంది.

అందువల్ల నేటి విల్లా పనివారిని బానిసలతో సమానం చేసి మాట్లాడడం చారిత్రకంగా తప్పు. వారికి జీతం, సంఘం, ఓటు ఉన్నాయి. పని నచ్చకపోతే మానుకునే హక్కు ఉంది. ఆ హక్కులు 1816 నాటి బానిసల తిరుగుబాటు నుంచి 1937 అల్లర్ల దాకా సాగిన పోరాటాల ఫలితం. అలాగని విల్లాను గతంతో సంబంధం లేని వ్యాపారంగా చూడడమూ తప్పే. నేల పంపకం, ఇంటి పని చేసేవారి సామాజిక నేపథ్యం, సంవత్సరంలో సగభాగం ఆదాయం సన్నగిల్లడం అనే మూడు అంశాలు తోటల కాలం నుంచే వస్తున్నాయి. కొనసాగిందేమిటో, మారిందేమిటో విడదీసి చూపడం చరిత్రకారుని పని.

8. సారాంశం

బార్బడోస్‌లో 1640ల్లో మొదలైన చెరకు తోటల వ్యవస్థ దీవి భూమిని కొద్దిమంది చేతుల్లో పెట్టింది. విముక్తి తరవాత కూడా నేల లేకపోవడం వల్ల కూలీలు తోటలకే కట్టుబడ్డారు. 20వ శతాబ్దంలో ఆ భూముల్లో కొన్ని విల్లాలుగా మారాయి. కోత లేని కాలపు ఆకలి, పర్యాటకులు లేని కాలపు ఆదాయలోపంగా రూపం మార్చుకుంది. చట్టాలు, సంఘాలు ఆ లోటును కొంత పూడ్చాయి. శరదృతువులో తగ్గిన అద్దె వెనుక తుపానుల భయం ఒక కారణమైతే, ఆ తగ్గుదల ఎక్కువగా ఎవరి సంపాదన మీద పడుతుందో నిర్ణయించింది ఈ చరిత్ర.

9. మీ ప్రగతిని పరీక్షించుకోండి

అ) ఐదు పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బార్బడోస్‌కు భారతీయ ఒప్పంద కూలీలను పెద్ద ఎత్తున తరలించకపోవడానికి కారణమేమిటి?
2. విప్పి తీసుకుపోగల చెక్క ఇల్లు అక్కడి భూసంబంధాల గురించి ఏం చెబుతుంది?

ఆ) ఇరవై పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చెరకు కోత కాలాన్నీ, పర్యాటకుల రద్దీ కాలాన్నీ పోల్చి, శరదృతువులో పనివారి స్థితిని విశ్లేషించండి.
2. మీ ప్రాంతంలో ఏడాదిలో కొన్ని నెలలే పని దొరికే ఒక వృత్తిని ఎంచుకోండి. పని లేని నెలల భారం ఎవరి మీద పడుతుందో, అలా ఎందుకు జరుగుతుందో పరిశీలించి రాయండి.