చిట్టెలుక వీపుపై ఎర్రని వెలుగు

1967లో హంగరీ రాజధాని బుడాపెస్టులో ఎండ్రె మెస్టర్ అనే శస్త్రవైద్యుడు కొన్ని చిట్టెలుకల వీపుల మీది వెంట్రుకలు గొరిగి, ఆ చర్మముపై లేజరు కాంతిని ప్రసరింపజేసినాడు. లేజరునకును పుట్టకురుపునకును గల సంబంధమును తెలిసికొనుట ఆయన ఉద్దేశము. పుట్టకురుపు సంగతి ఎట్లున్నను, ఆయన కంట బడిన వింత వేరు. కాంతి సోకిన ఎలుకలకు, సోకని వానికంటె త్వరగా వెంట్రుకలు మొలిచినవి.

చూచుటకు ఇది నవ్వు పుట్టించు ఫలితమే. ఇంకొకరైనచో చీపురుతో ఊడ్చి పారవేసి యుందురు. మెస్టర్ అట్లు చేయలేదు. వెంట్రుకను మొలిపించిన కాంతి గాయమును మాన్పగలదా యని ప్రశ్నించుకొన్నాడు. ముందు జంతువుల గాయములపైనను, పిమ్మట ఎంతకాలమునకును మానని పుండ్లతో బాధపడు రోగులపైనను ప్రయోగములు సాగించినాడు. 1984లో మరణించు వరకు ఈ విషయమును విడువలేదు.

వెలుగుతో వైద్యము అంతకుముందు లేనిది కాదు. డెన్మార్కులో నీల్స్ ఫిన్సెన్ కర్బన దీపముల కాంతిని కటకముల ద్వారా కేంద్రీకరించి చర్మక్షయను నయము చేసి, 1903లో నోబెల్ బహుమానమును పొందినాడు. ఆయన స్వయముగా దీర్ఘరోగి. మరుసటి సంవత్సరమే, నలుబదిమూడేండ్ల వయస్సున, కన్నుమూసినాడు. తరువాత క్షయకు మందులు రాగా ఆ దీపములు మూలబడినవి. మరల వెలుగు వైద్యుల చేతికి వచ్చుటకు 1960 మే 16వ తేది కారణమైనది. ఆ దినమున కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ కెంపు కడ్డీ నుండి మొదటి లేజరు కిరణమును వెలువరించినాడు. ఒకే రంగు, ఒకే దారి గల ఆ కిరణమును తీవ్రము చేసిన ఇనుమును సయితము కోయును. మెస్టర్ వాడినది అట్టిది కాదు. చర్మమును వేడెక్కింపజాలని మంద కాంతి.

కాలిన గాయమునకును ఎలుక వెంట్రుకకును ఏమి చుట్టరికమని పాఠకులు అడుగవచ్చును. చుట్టరికము కలదు. చర్మము పైపైన మాత్రమే కాలినపుడు, వెంట్రుకల కుదుళ్లలోను స్వేదగ్రంథులలోను మిగిలిన కణములు పైకి ప్రాకి క్రొత్త చర్మమును అల్లును. గరికను కోసినను వేళ్లున్న నేల మరల పచ్చబడుట వంటిదే ఇది. మంట లోతునకు దిగి కుదుళ్లు కూడ మాడినచో, చర్మము గాయపు అంచుల నుండియే రావలెను. అందుచేతనే అట్టివారికి వేరొక చోటి చర్మమును తెచ్చి అతుకవలసి వచ్చును.

మంద కాంతి కణములో చేయు పని యేమి? దాదాపు ప్రతి కణములోను మైటోకాండ్రియ అనే సూక్ష్మభాగములు శక్తిని తయారు చేయును. అందలి సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అను పదార్థము ఎర్రని కాంతిని గ్రహించి, శక్తి తయారీని హెచ్చించునని సోవియట్ శాస్త్రజ్ఞురాలు టీనా కారు ప్రతిపాదించినది. శక్తి హెచ్చిన కణములు చురుకుగా విభజనము చెంది, గాయమును పూడ్చు కొల్లాజెన్ పోగులను త్వరగా నేయునని ఊహ. చాలమంది అంగీకరించునది ఇదియే గాని, వాదము ముగియలేదు.

చిక్కంతయు మోతాదులో ఉన్నది. పప్పులో ఉప్పు వలె, కాంతి తక్కువైన పని చేయదు. ఎక్కువైన ఉన్న మేలును చెరచును. ఎలుకల కాలిన గాయములపై జరిగిన పరిశోధనలు ఒకదానితో నొకటి పొసగకపోవుటకు ఇది యొక ముఖ్య కారణము. ఒకరు వాడిన రంగు వేరు, మరియొకరు ప్రసరింపజేసిన కాలము వేరు. కాలిన మనుష్యులపై జరిగిన పరీక్షలు కొద్ది. పుట్టకురుపు చికిత్సలో రోగుల నోట లేచు పుండ్లను నివారించుటకు మాత్రము ఈ కాంతిని 2020లో అంతర్జాతీయ వైద్య మార్గదర్శకములు సిఫారసు చేసినవి. ఒక చోట రుజువైనది గదా యని అన్ని చోట్లకు అంటగట్టి దీపములమ్ము వర్తకులను మేము నమ్మము. కాలిన మచ్చలను సరిచేయుటకు వాడు లేజరు వేరు జాతిది. అది తీవ్ర కిరణము, చర్మమును సన్నగా గాయపరచియే పని చేయును.

ఇంటిలో చేయి కాలినపుడు వెంటనే చేయవలసినది ఇరువది నిమిషములు చల్లని నీటి ధార క్రింద ఉంచుట. మంచుగడ్డ పనికిరాదు. మన ఇండ్లలో కొందరు సిరా పోయుదురు, దంతముల పేస్టు పూయుదురు. సిరా పోసిన చోట గాయము ఎంత లోతుగా ఉన్నదో వైద్యునికి కనబడదు. దానిని కడుగుటతోనే ఆయనకు కొంత సమయము, రోగికి కొంత ప్రాణము పోవును.