ఎంజీబీ: పాత, కొత్త భాగాల మార్పిడి
ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన స్పోర్ట్స్ కారు ఎంజీబీ. అమెరికా భద్రతా నిబంధనల కోసం 1974 చివర్లో క్రోమ్ బంపర్లు పోయి నల్లటి బరువైన బంపర్లు వచ్చాయి. కారు ఎత్తు కూడా పెంచడంతో మలుపుల్లో పక్కకు ఒరగడం ఎక్కువైంది. ఇది ఆ కారుకు జరిగిన నిజమైన అన్యాయం. 1977 మోడల్‌కు యాంటీ రోల్ బార్లు అమర్చి కొంత సరిదిద్దారు.

ఎత్తు తగ్గించాలనుకునేవారు కొందరు పాత మోడల్ ముందు క్రాస్‌మెంబర్‌ను తెచ్చి బిగిస్తారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ స్టీరింగ్ ర్యాక్ కూర్చునే చోటు వేరు. దాన్ని సవరించకపోతే షాఫ్ట్ కోణం కుదరదు, స్టీరింగ్ పట్టేస్తుంది. వీ8 ఇంజిన్ కూడా పట్టేలా బాడీని మార్చినప్పుడు ఇంజిన్ మౌంట్లూ మారాయి. కాబట్టి భాగం కొనేముందు కారు తయారైన సంవత్సరం సరిచూసుకోవాలి.