నాలుగుకు అడుగు దూరంలో

పీ-ఫోర్ అంటే చాలు, ఆ రోజుల్లో ఇంకో మాట ఉండేది కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారుకి సిస్టమ్ కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ర్యామ్ దగ్గర బేరమాడేవాళ్లు, మానిటర్ దగ్గర తగ్గేవాళ్లు, ప్రాసెసర్ గడియార వేగం చెప్పే గిగాహెర్ట్జ్ దగ్గర మాత్రం రాజీపడేవాళ్లు కాదు. రెండు కంటే రెండు పాయింట్ నాలుగు గొప్ప, అంతే. కొనేవాడికీ అమ్మేవాడికీ ఇద్దరికీ అర్థమయ్యే అంకె అదొక్కటే. పీ-ఫోర్‌ను, అంటే ఇంటెల్ పెంటియం 4 ప్రాసెసర్‌ను, ఆకాశానికెత్తిందీ, ఆఖరికి కూల్చిందీ ఆ అంకే.

కథ ఒక పరాభవంతో మొదలవుతుంది. 2000 మార్చి 6న పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ల అథ్లాన్ ప్రాసెసర్ ఒక గిగాహెర్ట్జ్ గీత దాటింది. ఇంటెల్ పెంటియం 3 దాటింది 8న. రెండు రోజులే తేడా. కానీ పరిశ్రమను ఏలుతున్నవాడికి రెండో స్థానం మింగుడు పడుతుందా? 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3ని హడావిడిగా దింపారు. అది నికరంగా నడవక ఆగస్టులో వెనక్కి తీసుకున్నారు. ఆ పాత డిజైన్‌లో ఇక పరుగు మిగల్లేదని అందరూ అనుకున్నారు. అప్పటికే కొత్తది తయారవుతోంది. దాని పేరు నెట్‌బరస్ట్. ఆ డిజైన్ మీద మొదటి పెంటియం 4 నవంబరు 20న 1.4, 1.5 గిగాహెర్ట్జ్ వేగాలతో, 4.2 కోట్ల ట్రాన్సిస్టర్లతో వచ్చింది. వస్తూనే కొన్ని మామూలు ఆఫీసు పనుల్లో ఒక గిగాహెర్ట్జ్ పెంటియం 3 చేతిలో ఓడిపోయింది. అపశకునమే. ఎవరూ పట్టించుకోలేదు.

ఎందుకు ఓడింది? స్లాబ్ వేసే రోజున కాంక్రీటు తట్టలు చేతులు మారడం చూసినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. పదిమంది ఉన్న వరసలో ఇరవైమందిని నిలబెడితే ఒక్కొక్కరు చేయి చాచే దూరం సగమవుతుంది, తట్టలు జోరుగా కదులుతాయి. నెట్‌బరస్ట్ చేసింది అదే. ఒక్కో ఆదేశాన్ని ఇరవై చిన్న దశలుగా విడగొట్టి గడియారాన్ని పరిగెత్తించింది. చిక్కల్లా పైనుంచి మేస్త్రీ ‘ఆ మూలకి కాదు, ఈ మూలకి’ అని కేకేసినప్పుడే. వరసలో ఉన్న తట్టలన్నీ దండగ. ప్రోగ్రాములో ‘ఇదైతే అటు, కాకపోతే ఇటు’ అనే మలుపు వచ్చినప్పుడల్లా ప్రాసెసర్ దారిని ముందే ఊహించి పని మొదలుపెడుతుంది. ఊహ తప్పితే చేసినదంతా పారబోసి మళ్లీ మొదటికి రావాలి. వరస ఎంత పొడుగైతే నష్టం అంత.

దాని మంచి రోజుల గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2002 నవంబరులో 3.06 గిగాహెర్ట్జ్ చిప్, ఒక ప్రాసెసర్‌నే రెండుగా కనిపించేలా చేసే హైపర్‌థ్రెడింగ్‌తో వచ్చింది. ఉన్నది ఒకటే ప్రాసెసర్, టాస్క్ మేనేజర్ తెరిస్తే పక్కపక్కన రెండు గ్రాఫులు! లోపల కూడికల్లాంటి చిన్న లెక్కలు చేసే భాగాలైతే గడియారానికి రెట్టింపు వేగంతో, అంటే 6 గిగాహెర్ట్జ్ పైన నడిచేవి. ఇంత సాహసం చేసిన ఇంజినీర్లను ఇవాళ తేలిగ్గా తీసిపారేసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఈ దారిలో పది గిగాహెర్ట్జ్ దాకా వెళ్తామని ఇంటెల్ చెప్పుకుంది. జనం నమ్మారు.

నమ్మనివాళ్లు ఇంట్లోనే ఉన్నారు. 2001 ఫిబ్రవరిలో, అంటే పెంటియం 4 పుట్టిన మూడో నెలలో, ఇంటెల్ పెద్దల్లో ఒకరైన ప్యాట్ గెల్సింగర్ చిప్ డిజైనర్ల సదస్సులో లెక్క వేసి చూపించారు. ఇదే తీరున పోతే చదరపు సెంటీమీటరుకు పుట్టే వేడి 2005 నాటికి అణు రియాక్టర్‌తో, 2010కి రాకెట్ నాజిల్‌తో, 2015కి సూర్యుడి ఉపరితలంతో సమానమవుతుందని. సభలో నవ్వులు పూసే పోలికే, కానీ లెక్క నిజం. అయినా బండి ఆగలేదు.

అంతవరకూ కాపాడింది ఒక పాత వరం. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ వోల్టేజీ కూడా తగ్గించుకోవచ్చు, అందుకని వేడి పెరగదు. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ బృందం 1974లో చెప్పిన సూత్రమిది. చిప్ తయారీ 90 నానోమీటర్ల కొలతకు చేరేసరికి ఆ వరం చెల్లిపోయింది. ట్రాన్సిస్టర్ ఆపి ఉన్నా కరెంటు కారిపోవడం మొదలైంది. వోల్టేజీ దించడానికి వీల్లేకపోయింది. సరిగ్గా అప్పుడే, 2004 ఫిబ్రవరిలో, ప్రెస్కాట్ అనే కొత్త పెంటియం 4 వచ్చింది. దశలు ఇరవై కాదు, 31. అదే 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర పాత చిప్‌కు 89 వాట్ల వేడి లెక్కగడితే దీనికి 103. రిపేరుకు కేబినెట్ విప్పినవాళ్లకు ఆ తరం గుర్తుండే ఉంటుంది. ఫ్యాన్ కింద పూసిన పేస్టు ఎండి గట్టిపడేది. హీట్‌సింక్ లాగితే సాకెట్ లివర్ ఇంకా బిగించి ఉండగానే ప్రాసెసర్ దానికి అంటుకుని పిన్నులతో సహా ఊడొచ్చేది.

ఆ తర్వాత పతనం చకచకా జరిగిపోయింది. మే నెలలో, దీని తర్వాత రావలసిన తేజస్ అనే చిప్‌ను పుట్టకముందే రద్దు చేశారు. 3.8 గిగాహెర్ట్జ్ మీద గడియారం నిలిచిపోయింది. అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ చిప్ కూడా రద్దు. ఓర్లాండోలో ఒక సదస్సులో వేలమంది చూస్తుండగా ఇంటెల్ అధిపతి క్రెగ్ బ్యారెట్ వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని క్షమించమన్నారు. సరదాకే అనుకోండి. కానీ ఇన్నేళ్లూ ఆ అంకెను ఊరేగించిన కంపెనీ ఆ అంకె ముందే మోకరిల్లింది.

దారి ఒకటే మిగిలింది, ఒకే చిప్‌లో కోర్లు, అంటే లెక్కలు చేసే యూనిట్లు, పెంచడం. లెక్క సులభం. ఖర్చయ్యే కరెంటు గడియార వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. రెండింటినీ 20 శాతం తగ్గిస్తే ఖర్చు దాదాపు సగమవుతుంది. అంటే పాత ఖర్చుకే రెండు కోర్లు, పనిని పంచుకోగలిగితే 1.6 రెట్ల ఫలితం. ఇంటెల్ తొందరలో చేసిందేమిటి? రెండు ప్రెస్కాట్ కోర్లనే ఒకచోట పెట్టి 2005లో పెంటియం డి అంది. వేడి 130 వాట్ల దాకా.

ఇక్కడే ఈ కథలోని అసలు దుఃఖం. పరుగు లేదని పక్కన పెట్టిన పెంటియం 3 వంశాన్ని ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఒక బృందం ల్యాప్‌టాప్‌ల కోసం పెంచుతూనే ఉంది. 2003లో వాళ్ల పెంటియం ఎం 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర 25 వాట్ల లోపే సరిపెట్టుకుంది. ఆ కొమ్మ నుంచే 2006 జులైలో కోర్ 2 డ్యుయో వచ్చింది. అందులో 2.4 గిగాహెర్ట్జ్, 65 వాట్ల చిప్ నెట్‌బరస్ట్ ఆఖరి వీరుడిని, 3.73 గిగాహెర్ట్జ్, 130 వాట్ల పెంటియం ఎక్స్‌ట్రీమ్ ఎడిషన్‌ను, దాదాపు ప్రతి పరీక్షలోనూ ఓడించింది. సగం వేడితో.

నెట్‌బరస్ట్ ఆస్తిలో హైపర్‌థ్రెడింగ్ ఒక్కటి బతికింది. 2008లో కోర్ ఐ7తో తిరిగొచ్చింది. పది గిగాహెర్ట్జ్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. 2023లో ఇంటెల్ చిప్ ఒకటి 6 అందుకుంది, అదీ 24 కోర్లలో ఏ రెండింటికో, వేడి హద్దులో ఉన్నంతసేపు. కిందికి జారి జారి చవక ల్యాప్‌టాప్‌ల స్టిక్కర్‌గా మిగిలిన పెంటియం పేరును అదే ఏడాది అక్కణ్నుంచి కూడా తీసేశారు.