భవనం అసలు ఖర్చు: లారీ బేకర్ నుంచి ఈసీబీసీ దాకా

భవనం ఖర్చు అనగానే మనకు టెండర్ మొత్తమే గుర్తొస్తుంది. కానీ 50 ఏళ్లు నిలిచే భవనానికి కరెంటు, నీరు, రంగులు, మరమ్మతులు కూడా ఖర్చులే. రాబోయే ఈ ఖర్చులను నేటి విలువలోకి మార్చి, నిర్మాణ వ్యయానికి కలిపితే వచ్చేదే జీవితకాల వ్యయం. దీన్ని తగ్గించే అవకాశం డిజైన్ తొలి దశలోనే ఎక్కువ. భవనం ఏ దిక్కుకు ఉండాలో కాగితం మీద మార్చడం తేలిక. గోడలు లేచాక మార్చలేం.

బేకర్ చూపిన దారి

1971లో ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను స్థాపించారు. దాని భవనాలను లారీ బేకర్ రూపొందించారు. గాలి ఆడే ఇటుక జాలీలు పెట్టారు. గోడలకు ప్లాస్టరింగ్ చేయలేదు కాబట్టి ఏటేటా రంగులు వేసే పని తప్పింది. ఆయన ప్రచారం చేసిన ర్యాట్-ట్రాప్ బాండ్‌లో ఇటుకలను నిలువుగా పేర్చి మధ్య ఖాళీ వదులుతారు. ఇటుకలు దాదాపు 25% ఆదా అవుతాయి, లోపలికి వేడీ తగ్గుతుంది. అంటే కట్టే ఖర్చు, వాడే ఖర్చు రెండూ ఒకే నిర్ణయంతో తగ్గాయి.

చట్టం దాకా

2001లో ఇంధన పొదుపు చట్టం, 2007లో ఈసీబీసీ (ఇంధన పొదుపు భవన నియమావళి) వచ్చాయి. మొదట 500 కిలోవాట్లు, అంతకు మించి విద్యుత్ లోడ్ ఉన్న వాణిజ్య భవనాలపై దృష్టి పెట్టారు. 2022 సవరణ నివాస భవనాలనూ పరిధిలోకి తెచ్చింది.

అడ్డంకి ఎక్కడ?

ఒక ఉదాహరణ అనుకుందాం. మొదటి డిజైన్‌కు రూ.100 లక్షలు, ఏటా నిర్వహణకు 10 లక్షలు. రెండోదానికి 112 లక్షలు, ఏటా 7 లక్షలు. అదనపు 12 లక్షలు నాలుగేళ్లలో తిరిగొస్తాయి. అయినా అతి తక్కువ ధరకే టెండర్ దక్కితే మొదటిదే గెలుస్తుంది. కట్టే ఖర్చు ఒక పద్దులో, నిర్వహణ మరో పద్దులో ఉంటే మొత్తం లెక్క ఎవరికీ కనిపించదు. అపార్ట్‌మెంట్లలోనూ అంతే: కట్టేది బిల్డర్, బిల్లు కట్టేది కొనుక్కున్నవారు.

కాబట్టి లోపం సాంకేతికతలో కాదు, లెక్క చూసే పద్ధతిలో ఉంది. మెయిన్స్ జవాబులో ఈ వాక్యం దగ్గరికి రాగలిగితే పథకాల జాబితా రాసినవారికంటే మీరు ఒక అడుగు ముందుంటారు.

సాధన ప్రశ్న: ప్రభుత్వ భవనాల టెండర్లలో జీవితకాల వ్యయాన్ని ప్రమాణంగా తీసుకోవాలా? చర్చించండి. (150 పదాలు)