ఆడపిల్ల చదువు, చేతి పని: రెండూ కలిస్తేనే లెక్క సరిపోతుంది

టెన్త్ పాసైన అమ్మాయిని ఇంటర్‌లో చేర్పించాలా, ఇంట్లోనే మగ్గం పనికి కూర్చోబెట్టాలా? హైదరాబాద్ పాతబస్తీలోనే కాదు, కర్నూలు, కడప, గుంటూరు, నిజామాబాద్‌లలోనూ ఫలితాలొచ్చిన ప్రతిసారీ చాలా ముస్లిం ఇళ్లలో జరిగే చర్చ ఇదే. నిజానికి ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు. చదువూ పనీ కలిసినప్పుడే ఆడపిల్లకు ఇంట్లో మాట, బజార్లో ధర దక్కుతాయి.

ఏడుగురితో మొదలైన కాలేజీ

హైదరాబాద్‌లో ఆడపిల్లల చదువుకు పెద్ద చరిత్రే ఉంది. నాంపల్లి బాలికల పాఠశాల 1890లో, మహబూబియా పాఠశాల 1907లో మొదలయ్యాయి. పర్దా పాటించే కుటుంబాలు కూడా పిల్లల్ని పంపేలా అక్కడ ఏర్పాట్లుండేవి. ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చింది. 1924లో మహిళా కళాశాల ఏడుగురు విద్యార్థినులతో మొదలై, 1949లో కోఠీలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీకి మారింది. 2022లో అదే కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమైంది.

ఉర్దూ రచయిత్రి, పత్రికా సంపాదకురాలు సుగ్రా హుమాయూన్ మీర్జా 1934లో బాలికల కోసం సఫ్దరియా పాఠశాల స్థాపించారు. దానికి సొంత ఆస్తినే రాసిచ్చారు. ఆడపిల్ల చదువు బయటి నుంచి వచ్చిన ముచ్చట కాదని చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

ఎక్కడ ఆగిపోతోంది?

2006 నాటి సచార్ కమిటీ నివేదిక 2001 జనాభా లెక్కల్ని తీసుకుంది. వాటి ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింల అక్షరాస్యత సుమారు 68 శాతం. రాష్ట్ర సగటు 60 శాతం చుట్టూ ఉంది. అంటే అక్షరాలు నేర్వడంలో మనవాళ్లు వెనకబడలేదు. చదువు పై తరగతులకు వెళ్లే కొద్దీ పిల్లలు తగ్గిపోవడమే అసలు సమస్య. బడి దూరం, పేదరికం, దగ్గర్లో బాలికల హైస్కూల్ లేకపోవడం ఇందుకు కారణాలు. ముస్లిం పిల్లలంతా మదర్సాలకే వెళ్తారన్న ప్రచారం కూడా తప్పే. అక్కడ చదివేది సుమారు 3 శాతం మందేనని అదే నివేదిక తేల్చింది.

దూరం సమస్యకు తెలంగాణలో ఒక జవాబు మైనారిటీ గురుకులాలు. 2016లో 71 బడులతో మొదలై ఇవి 204కు పెరిగాయి. దాదాపు సగం బాలికలవే. ఐదో తరగతి నుంచి చదువు, వసతి, భోజనం ఉచితం. చాలా చోట్ల ఇంటర్ కూడా ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-ఇ కింద ఉన్న ముస్లిం వర్గాలకు విద్యలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. 2007 నాటి ఈ చట్టంపై కేసు సుప్రీంకోర్టులో ఉన్నా, మధ్యంతర ఉత్తర్వులతో అమలవుతోంది.

చేతిలో పని, చేతికి రాని ధర

ఒక జాకెట్టు మగ్గం వర్క్‌కు దళారి 600 రూపాయలు ఇచ్చాడనుకుందాం. పని నాలుగు రోజులు పడితే రోజుకు వచ్చేది 150. దారం, పూసలు తనవే అయితే అది ఇంకా తగ్గుతుంది. అదే జాకెట్టు షాపులో ఎంతకు పోతుందో కుట్టిన అమ్మాయికి తెలియదు. ఇక్కడ లోపం నైపుణ్యంలో లేదు. ఖర్చు రాసుకునే పుస్తకం, తన పేరున బ్యాంకు ఖాతా, పనికి సర్టిఫికెట్, కొనేవాళ్లతో నేరుగా మాట్లాడే ధైర్యం కావాలి. మంచి శిక్షణ అంటే కుట్టు ఒక్కటే కాదు, ఇవన్నీ నేర్పేది.

దారులు ఇవీ

- హైదరాబాద్‌లో సెట్విన్ 1978 నుంచి ఉపాధి కోర్సులు నేర్పుతోంది.
- 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం చట్టంలోనే స్త్రీ విద్యకు ప్రత్యేక స్థానం ఉంది. గచ్చిబౌలిలో ఐటీఐ, పాలిటెక్నిక్ ఉన్నాయి. కడపలోనూ పాలిటెక్నిక్ ఉంది. దూరవిద్య కూడా ఉంది.
- బడి మానేసిన అమ్మాయి 14 ఏళ్లు నిండితే జాతీయ సార్వత్రిక పాఠశాలలో టెన్త్‌కు చేరవచ్చు. ఐదేళ్లలో తొమ్మిది సార్లు పరీక్ష రాసే వీలుంది. తెలుగు, ఉర్దూ మాధ్యమాలు రెండూ ఉన్నాయి.
- 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు, తర్వాత 5 శాతం వడ్డీకి అప్పు ఉంటాయి. కొత్త నమోదు తెరిచి ఉందో లేదో సీఎస్‌సీ కేంద్రంలో కనుక్కోవాలి.

సంపాదన ఎవరిది?

ఇస్లామీ ధర్మశాస్త్రంలో స్త్రీ సంపాదన, మహర్ ఆమె సొంత ఆస్తి. ఇంటి ఖర్చు భర్త బాధ్యత. హజ్రత్ ఖదీజా (రజి) వ్యాపారం చేసిన సంగతి ప్రతి ఇంట్లో తెలిసిందే. అయినా చాలా ఇళ్లలో కూతురు కుట్టిన డబ్బు అన్న ఫీజుకు పోతుంది, ఆమె ఫీజు దగ్గరికి వచ్చేసరికి డబ్బుండదు. సమానత్వం అనే పెద్ద మాట మొదట పరీక్షకు నిలబడేది ఈ ఇంటి లెక్కలోనే.

తల్లిదండ్రులు ఇప్పుడే చేయగల చిన్న పని ఒకటుంది. టెన్త్ మెమోలో ‘షేక్’, ఆధార్‌లో ‘ఎస్‌కే’, ఒకచోట ‘బేగం’, ఇంకోచోట ‘బీ’ అని ఉంటే స్కాలర్‌షిప్, రిజర్వేషన్, అప్పు అన్నీ అక్కడే ఆగుతాయి. అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగానే అన్ని కాగితాల్లో పేరు ఒకేలా చేయించాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆమె పేరున బ్యాంకు ఖాతా కూడా అప్పుడే సిద్ధం చేసుకుంటే అడ్మిషన్ల వేళ పరుగులు తప్పుతాయి.