రంగుతొట్టి కూడా చరిత్రే

మా నగరి చరిత్ర చెప్పమంటే ఎవరైనా కొండతోనే మొదలుపెడతారు. ముక్కులా పొడుచుకొచ్చిన ఆ శిఖరాన్ని ఒకప్పుడు సముద్రం మీద ఓడలవాళ్లు గుర్తుగా పెట్టుకునేవాళ్లు. తర్వాత కార్వేటినగరం జమీందార్లు, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పాటు. ఊరికి అన్నం పెట్టిన మగ్గానికి, రంగుతొట్టికి మాత్రం అందులో చోటుండదు. ఉండాలన్నది నా పట్టుదల. పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు తవ్వకం గురించి చదివాక అది ఇంకా గట్టిపడింది.

1944లో భారత పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్, మద్రాసు మ్యూజియం అల్మారాలో ఒక కూజా మెడముక్క చూశాడు. అది మధ్యధరా తీరంలో ద్రాక్షసారా నింపే ఆంఫోరా. ఎక్కడిదంటే అరికమేడుదన్నారు. మరుసటి ఏడాదే అక్కడ తవ్వించాడు. ఇటలీలో తయారైన ఎర్రటి నునుపు పళ్లేల పెంకులు బయటపడ్డాయి. వాటితోపాటు ప్రహరీ కట్టిన రెండు ఆవరణలు, వాటిలో ఇటుక తొట్లు, నీళ్లు వచ్చేందుకూ పోయేందుకూ ఇటుక కాలువలు.

రోమన్ సరుకుల పక్కనే తొట్లు కనబడితే స్నానశాలేమో అనిపిస్తుంది; రోమన్లు వెళ్లినచోటల్లా స్నానశాలలు కట్టుకున్నారు మరి. పాంపేలో ఇప్పటికీ చూడవచ్చు: పొట్టి ఇటుక స్తంభాల మీద నేలను ఎత్తి కట్టి, కొలిమి వేడిగాలిని దాని కిందుగా పోనిచ్చేవాళ్లు. మనవాళ్లకు ఏటి ఒడ్డే స్నానశాల. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి రాతి స్నానఘట్టం కృష్ణ ఒడ్డున బయటపడింది. సాగర్ నీళ్లలో మునగకుండా దాన్ని విప్పి కొండమీద మళ్లీ పేర్చారు.

అరికమేడు తొట్లను వీలర్ స్నానానికి కట్టినవి అనుకోలేదు. సన్నని నూలుబట్టను సిద్ధం చేసే చోటుగా భావించాడు. పండితుల్లో దీనిమీద చర్చ ఉన్నా, నగరిలో పుట్టినవాడికి ఆ మాట వింతగా తోచదు. మా అద్దకం పాకల్లో నూలు చిలపల్ని కర్రకు తగిలించి, తొట్లో ముంచి, రంగు సమంగా పట్టేదాకా తిప్పుతారు. ఒక రంగు ముగిశాక తొట్టి ఖాళీ చేసి కడిగితేగానీ ఇంకో రంగు కలపరు. అందుకే తొట్టి ఎంత ముఖ్యమో, నీళ్లు వచ్చే దారీ పోయే దారీ అంతే ముఖ్యం.

అరికమేడు కాలపు గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్‌లో మసాలియా, అంటే మన కృష్ణాతీరం, నూలుబట్టలకు పేరుపొందినట్టు ఉంది. ఏటా 5 కోట్ల సెస్టర్సులు భారతదేశానికి పోతున్నాయని రోములో ప్లినీ వాపోయాడు. మిరియాలు, ముత్యాలతోపాటు నేతగాడి చెమట కూడా ఆ లెక్కలో ఉంది. ఆ చెమటకు రాజశాసనాలు లేవు. ఉన్నవల్లా ఇలాంటి కట్టడాలే.

మరమగ్గాలొచ్చాక నగరిలో, ఏకాంబరకుప్పంలో పాత పనిపాకలు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. వాటి కొలతలు తీసి, బొమ్మ గీసి, పనిచేసినవాళ్ల మాటలు రాసిపెట్టడానికి పురావస్తు శాఖే రానక్కర్లేదు. మన కళాశాల పిల్లలు చాలు. వాడిన నీళ్లు ఎటు పోతున్నాయో కూడా అందులో రాయాలి. మన కుశస్థలి ఏటి నీళ్లు పూండి జలాశయం చేరి చెన్నైవాళ్ల గొంతు తడుపుతాయి. కాలువ ఎలా కట్టాలో రెండువేల ఏళ్ల కిందటి పనివాళ్లకే తెలుసు. శుద్ధి చేయని చుక్క ఏట్లో కలవకుండా చూడడం మన తరం కట్టాల్సిన బాకీ.